పందెపు సారథి నరైన్ కార్తికేయన్

కోటబొమ్మాళి ప్రక్కగా పోవు జాతీయరహదారి దక్షిణమునకు సాగి, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, విజయవాడ, నెల్లూరు మీదుగా సుమారు 900 కిలోమీటర్లు నడచి చెన్నపట్టణము చేరును. పట్టణమింకను కొంత దూరముండగనే దారిలో షోలవరమను గ్రామము వచ్చును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున విమానములు దిగుటకై అచ్చట పొడవైన బాటయొకటి నిర్మింపబడెను. యుద్ధము ముగిసెను. విమానములు వెడలిపోయెను. బాట మాత్రము మిగిలెను. మద్రాసులోని మోటారు క్రీడాభిమానులు దానిని చూచి, ఇట్టి చక్కని బాట ఊరకపడియుండనేల యని తలచి, దానిపై మోటారు సైకిళ్లకును కార్లకును పందెములు నడుపసాగిరి. కొన్ని దశాబ్దములపాటు దక్షిణదేశమున మోటారు పందెమనగా షోలవరమే. 1990లో శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టై యను చోట పందెములకై ప్రత్యేకముగా కట్టిన బాట వచ్చిన పిమ్మటగాని షోలవరపు ప్రాముఖ్యము తగ్గలేదు.

ఎడ్లబండ్ల పందెములు చూచినవారికి ఒక సంగతి తెలిసియుండును. ముందు వచ్చిన బండివానిని జనము భుజములపై నెత్తుకొందురు. వెనుకబడినవానిని పలుకరించు వారుండరు. కాని గెలుపులో ఎద్దుల బలమెంత, తోలువాని నేర్పెంత యని విడదీసి చెప్పగలవారు ఊరికి ఇద్దరో ముగ్గురో యుందురు. మోటారు పందెములయందు ఈ చిక్కు మరింత హెచ్చు. ప్రపంచమున మిక్కిలి వేగవంతములైన ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ చరిత్రమంతయు ఈ చిక్కుతో ముడిపడియున్నది. పందెపు పట్టికలు అతనిని ఒకసారి నాలుగవవానిగాను, మరొకసారి ఇరువదినాలుగవవానిగాను చూపినవి. రెండు లెక్కలును నిజమైనవే. అయినను ఆ లెక్కలు మాత్రమే చూచి అతనిని తూచరాదు.

నరైన్ పుట్టినది తమిళదేశమందలి కోయంబత్తూరులో. తెలుగుదేశము విడిచి దక్షిణమునకు పోయి ఆ ప్రాంతమున తరతరములుగా స్థిరపడిన నాయుళ్ల కుటుంబములు అచ్చట అనేకములు కలవు. ఇంటిలో తెలుగును, వీథిలో తమిళమును మాటలాడుకొనుచు, మొదట ప్రత్తి పండించి, పిమ్మట నూలుమిల్లులు పెట్టి, అటు పిమ్మట పంపులను, విద్యుత్తు మోటార్లను తయారుచేసి ఆ పట్టణమునకు పేరు తెచ్చిన వారిలో వీరు ముఖ్యులు. యంత్రమన్నచో భయపడక, దానిని విప్పి లోపల ఏమున్నదో చూడగోరు బుద్ధి ఆ యూరి గాలిలోనే యున్నదని చెప్పవచ్చును.

అందుకొక ఉదాహరణము జి. డి. నాయుడుగారి కథ. 1893లో కోయంబత్తూరు సమీపమున కలంగల్ అను గ్రామమున పుట్టిన ఆ బాలునకు చదువుపై మనసు నిలువలేదు. ఒకనాడు ఒక ఇంగ్లీషు ఉద్యోగి మోటారు సైకిలుపై వచ్చుట అతడు చూచెను. ఎద్దు లేదు, గుఱ్ఱము లేదు, బండి మాత్రము పరుగెత్తుచున్నది! ఆ వింత అతనిని విడువలేదు. పట్టణమునకు పోయి ఒక హోటలులో వడ్డన చేయు పనివానిగా కుదిరి, కాసు కాసు కూడబెట్టి, తుదకు రడ్జ్ అను ఆ మోటారు సైకిలునే కొనెను. కొని ఏమి చేసెను? ఎక్కి ఊరేగలేదు. దాని నట్టులన్నియు విప్పి, భాగములన్నియు వేఱుచేసి, మరల బిగించి, యంత్రవిద్య నంతయు ఆ బండివద్దనే నేర్చుకొనెను. 1920లో పొల్లాచి, పళనుల మధ్య ఒక బస్సుతో వ్యాపారము ప్రారంభించి, కొలది కాలముననే దానిని పెద్ద రవాణా సంస్థగా పెంచెను. ఈ విధముగా కోయంబత్తూరునకు మోటారు పిచ్చి ఒక మోటారు సైకిలు మూలముననే పట్టినదన్నచో అతిశయోక్తి కాదు.

ఆ పిచ్చి కొందరిలో పందెముల రూపము దాల్చెను. నరైన్ తండ్రి జి. ఆర్. కార్తికేయన్ ర్యాలీ పందెములయందు జాతీయ విజేత. దక్షిణభారత ర్యాలీని ఏడు పర్యాయములు గెలిచిన వాడు. ర్యాలీ యనగా కట్టిన బాటపై చుట్లు తిరుగుట కాదు. ఊరిదారులను, కొండదారులను పట్టిపోవు దూరప్రయాణపు పందెము. అదే పట్టణమునకు చెందిన ఎస్. కరివర్ధన్ మరియొక అడుగు ముందుకు వేసెను. మన దేశమున పందెపు కార్లు దొరకని ఆ రోజులలో అతడు మారుతి కారు ఇంజనును గ్రహించి, దానికి తగిన చట్రమును కట్టి, ఒక్కడు కూర్చుండు చిన్న పందెపు కారును తయారుచేసెను. 1980 దశకపు చివర మొదలైన ఈ ఫార్ములా మారుతి బండ్లు మన దేశపు యువకులకు బడిపలకవంటివి. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదమున మరణించెను. కోయంబత్తూరు వెలుపల చెట్టిపాళయమున నున్న పందెపు బాటకు అతని పేరు పెట్టి కరి మోటార్ స్పీడ్‌వే యని పిలుచుచున్నారు.

1977 జనవరి 14వ తేదీన జన్మించిన నరైన్ ఈ గాలి పీల్చి పెరిగిన బాలుడు. పదునైదేండ్ల వయసున, 1992లో, అతనిని ఫ్రాన్సు దేశమునకు పంపి విన్‌ఫీల్డ్ అను పందెపు బడిలో చేర్చిరి. అచ్చటి పోటీలో అతడు ఉపాంత్యదశ వరకు పోయెను. మరుసటి యేడు శ్రీపెరుంబుదూరులో ఫార్ములా మారుతి బండిపై తొలి పందెము పరుగెత్తి మొదటి మువ్వురిలో నిలిచెను.

పదునైదేండ్లకు మొదలుపెట్టుట తొందరపాటని మనకు తోచును. ఐరోపావారికి అది ఆలస్యము. ఇచ్చట ఫిన్లండు దేశమును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. 2011 జనాభా లెక్కలలో శ్రీకాకుళము జిల్లా జనసంఖ్య సుమారు 27 లక్షలు. ఫిన్లండు దేశమంతయు కలిపినను సుమారు 55 లక్షలు, అనగా ఆనాటి మన జిల్లాకు రెండింతలు మాత్రమే. అయినను ఆ చిన్న దేశము ఫార్ములా వన్ లోకవిజేతలను మువ్వురిని కన్నది: 1982లో కేకే రోస్‌బర్గ్, 1998, 1999 సంవత్సరములలో మికా హాకినెన్, 2007లో కిమీ రైకోనెన్. మోటారు సైకిళ్ల పందెములయందును వారు గట్టివారే. స్పీడ్‌వే యను పందెమున నలుగురు పందెగాండ్రు అండాకారపు మట్టిబాటపై నాలుగు చుట్లు తిరుగుదురు. ఆ బండ్లకు బ్రేకులుండవు; గేరు ఒక్కటే. ఎడమకాలి జోడునకు ఉక్కు పట్టా బిగించుకొని, ఆ కాలు నేల నానించి, వెనుక చక్రమును కావలెనని జారనిచ్చుచు మలుపు తిరుగవలెను. ఇట్టి పందెమునే ఇంకను పొడవైన బాటపై నడుపుదురు. అందు ఫిన్లండు పక్షమున పోటీచేసిన యూనస్ క్యుల్మాకోర్పి 2010 నుండి 2013 వరకు వరుసగా నాలుగేండ్లు లోకవిజేత యయ్యెను. మంచు పేరుకొన్న దారులు, మట్టి దారులు, ఇంటింట యంత్రజ్ఞానము, చిన్ననాటనే చేతికిచ్చు చిన్న బండ్లు — ఇవి అచ్చటి పిల్లలకు గురువులు. జారు నేలపై బండిని నిలుపుట వారికి మాటలు నేర్చిన నాటినుండియు అలవడును. మన దేశమున 1990 ప్రాంతమున అట్టి బాల్యము ఎవరికిని లేదు. నరైన్ పోటీపడవలసినది ఇట్టి బాల్యము గలవారితో.

అతడు ఇంగ్లండునకు పోయెను. 1994లో అచ్చటి ఫార్ములా ఫోర్డు శీతకాలపు పోటీని గెలిచి, ఐరోపాలో ఒక పోటీవరుసను గెలిచిన తొలి భారతీయుడయ్యెను. 1996లో ఫార్ములా ఆసియా విజేత యయ్యెను. ఈ గౌరవము పొందిన తొలి భారతీయుడు కూడ అతడే. 1998 నుండి మూడేండ్లు బ్రిటిషు ఫార్ములా త్రీ పందెములలో పాల్గొనెను. ఫార్ములా వన్‌నకు పోగోరువారు మెట్టుమెట్టుగా ఎక్కవలసిన నిచ్చెనలో ఇది పై మెట్లలో నొకటి. 1999లో బ్రాండ్స్ హ్యాచ్ బాటపై రెండు పందెములు గెలిచెను. ఆ యేడు అతనితోపాటు అదే పోటీలో పరుగెత్తిన జెన్సన్ బటన్ అను ఇంగ్లీషు యువకుడు మరుసటి యేడే ఫార్ములా వన్‌లో ప్రవేశించి, 2009లో లోకవిజేత యయ్యెను. నరైన్ ఆ గుమ్మము దాటుటకు ఇంకను ఐదేండ్లు పట్టెను.

ఆలస్యమునకు కారణమేమి? నేర్పు కొరత కొంత యున్నదేమో. ధనము కొరత మాత్రము నిశ్చయముగా నున్నది. మోటారు పందెము మిగిలిన ఆటలవంటిది కాదు. బంతి ఆటకు ఒక బంతి చాలును. పరుగు పందెమునకు కాళ్లు చాలును. ఇచ్చట టైర్లు, ఇంజన్లు, యంత్రపు పనివారు, ప్రయాణములు — అన్నిటికిని డబ్బే. చిన్న జట్లు సారథికి జీతమిచ్చుటకు బదులు, సారథియే తనవెంట పోషకుల సొమ్ము తేవలెనని కోరుట ఈ రంగమున పరిపాటి. 2001 జూన్ నెలలో నరైన్ సిల్వర్‌స్టోన్ బాటపై జాగ్వార్ జట్టువారి కారును నడిపి, ఫార్ములా వన్ కారును పరీక్షించిన తొలి భారతీయుడయ్యెను. అంతటితో ఆగిపోయెను. 2004వ సంవత్సరమునకు మినార్డి అను చిన్న జట్టువారు అతనికి స్థానమివ్వ సిద్ధపడిరి. కావలసిన సొమ్ము సమకూడలేదు. ఆ స్థానము చేజారిపోయెను. చేతికందిన ముద్ద నేలపాలైన ఆ యేడు అతడు మనసు విరుగగొట్టుకొనక, వేఱొక పోటీలో పందెములు పరుగెత్తుచునే యుండెను.

తుదకు 2005 ఫిబ్రవరి 1వ తేదీన జోర్డాన్ జట్టులో అతనికి స్థానము లభించినట్లు ప్రకటన వచ్చెను. టాటా సంస్థలు మొదలైన పోషకులు తోడ్పడిరి. మార్చి 6వ తేదీన ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున తొలి పందెము. బయలుదేరు వరుసలో పండ్రెండవ స్థానము సంపాదించి, పందెమును పదునైదవవాడుగా ముగించెను. ఒకప్పుడు పందెములు గెలిచిన జోర్డాన్ జట్టు అప్పటికి చేతులు మారి, సొమ్ము తక్కువై, వరుస చివరకు జారియున్నది. (ఈ జట్టే పేర్లు మారి మారి, 2008 నాటికి ఒక భారతీయ యజమాని చేతికి వచ్చి ఫోర్స్ ఇండియా యని పిలువబడెను, 2021లో ఆస్టన్ మార్టిన్ అయ్యెను. విధి చిత్రము!)

ఫార్ములా వన్ సారథి పని ఎట్టిదో ఇచ్చట కొంత తెలిసికొనుట మంచిది. పందెపు దూరము సుమారు 305 కిలోమీటర్లు. కాలము గంటన్నర, ఒక్కొక్కప్పుడు రెండు గంటలు. తిన్నని బాటపై వేగము గంటకు 300 కిలోమీటర్లు దాటును. వేగపు మలుపులలో తలయు, దానిపైని శిరస్త్రాణమును తమ బరువునకు నాలుగింతలు బరువుతో ప్రక్కకు లాగబడును. మెడ ఆ బరువును మోయవలెను. చుట్టును ఇంజను వేడి. పందెము ముగియునప్పటికి చెమట రూపమున రెండు మూడు కిలోగ్రాముల బరువు తగ్గుట వింత కాదు. ముందువానికిని చివరివానికిని ఈ శ్రమలో హెచ్చుతగ్గులు లేవు. నిజమునకు చివరివాని కష్టమే కొంత హెచ్చు. బండి బాటను సరిగా పట్టుకొనదు. పైగా వెనుకనుండి వచ్చు వేగవంతులకు దారి ఇచ్చుచు తన పందెమును తాను నడుపుకొనవలెను.

ఆ యేటి జూన్ 19వ తేదీన అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున జరిగిన పందెము ఆ క్రీడ చరిత్రలో మరువరానిది. అచ్చటి బాటలో చివరి మలుపు గిన్నె అంచువలె ఒక ప్రక్కకు ఎత్తుగా కట్టబడినది. దానిపై కార్లు మిక్కిలి వేగముతో పోవును. 2005లో ఒక క్రొత్త నిబంధన యుండెను: ఒకే జత టైర్లతో అర్హతా పరీక్షయు, పందెమంతయు నడుపవలెను, మధ్యలో మార్చరాదు. రెండు దినములు ముందు జరిగిన సాధనలో ఆ మలుపువద్దనే రాల్ఫ్ షుమాకర్ కారు టైరు చెడి గోడకు కొట్టుకొనెను. పరీక్షించి చూడగా మిషెలిన్ కంపెనీవారి టైర్లు ఆ మలుపు బరువును పందెమంతయు ఓర్వలేవని తేలెను. ఆ టైర్లు వాడునవి ఏడు జట్లు. మలుపునకు ముందు అడ్డుకట్టువంటి చిన్న వంపు పెట్టి వేగము తగ్గింపుడని వారు కోరిరి. అధికారులు అంగీకరింపలేదు. తమ బాధ్యత తాము చూచుకొనవలెనే కాని, సరియైన టైర్లు తెచ్చినవారిని శిక్షింపనేల యని వారి వాదము. రెండు పక్షముల మాటలోను కొంత న్యాయమున్నది. మధ్య నలిగినవారు టిక్కెట్టు కొని వచ్చిన జనులు.

పందెమునకు ముందు ఇరువది కార్లును వరుసగా ఒక చుట్టు తిరిగివచ్చెను. ఆ చుట్టు ముగియునప్పటికి మిషెలిన్ టైర్ల కార్లు పదునాలుగును ప్రక్కదారి పట్టి తమ కొట్టములలోనికి పోయెను. బాటపై మిగిలినవి ఆరు: ఫెరారీ రెండు, జోర్డాన్ రెండు, మినార్డి రెండు. జనము కేకలు వేసిరి. కొందరు సీసాలు బాటపైకి విసరిరి. ఆ ఆరుగురు మాత్రము 73 చుట్ల పందెమును నడిపిరి. మైకేల్ షుమాకర్ మొదటివాడు, బారికెల్లో రెండవవాడు. జోర్డాన్ జట్టులోని పోర్చుగీసు యువకుడు టియాగో మాంటీరో మూడవవాడై వేదిక నెక్కెను. నరైన్ నాలుగవవాడు, వేదికకు ఒక్క మెట్టు క్రింద. ఐదు పాయింట్లు. ఫార్ములా వన్‌లో భారతీయుడు సంపాదించిన తొలి పాయింట్లు అవియే.

ఆరుగురిలో నాలుగవ స్థానమును చూచి నవ్వినవారు కలరు. ఆ నవ్వు పూర్తిగా అన్యాయమని చెప్పజాలము. మిగిలిన పదునాలుగు కార్లు నిలిచియుండినచో ఆ స్థానము అతనికి దక్కెడిదికాదు. కాని సీసాలు పడుచున్న బాటపై, ఈలల నడుమ, తప్పు చేయక 300 కిలోమీటర్లకు పైగా బండిని తెచ్చి గమ్యము దాటించుట అతని పని. దానిని అతడు చేసెను. అదే కారుతో మాంటీరో ఆ యేటి 19 పందెములలో 18 పందెములను ముగించెను. నిలకడ విషయమున నరైన్ అతనికి తక్కువవాడే. సంవత్సరపు చివరి పందెమున, చైనాలోని షాంఘై బాటపై, నరైన్ కారు గోడకు కొట్టుకొని తుత్తునియలయ్యెను. అదృష్టవశమున అతడు గాయములు లేక బయటపడెను. జోర్డాన్ అను పేరు ఆ సంవత్సరముతో అంతరించెను. నరైన్ స్థానమును దానితో పోయెను.

తరువాత రెండేండ్లు అతడు విలియమ్స్ జట్టున పరీక్షా సారథిగా పనిచేసెను. పందెమున నిలువక, పందెపు కారును మెరుగుపరచుటకై తోడ్పడుట ఆ కొలువు. దేశముల మధ్య జరుగు ఏ వన్ పోటీలో భారత జట్టు పక్షమున 2007 డిసెంబరున చైనాలోని జుహాయిలోను, 2008లో ఇంగ్లండులోని బ్రాండ్స్ హ్యాచ్‌లోను గెలిచెను. అందరికిని ఒకే విధమైన కార్లు ఇచ్చు పోటీ యది. ఎద్దులు సమానమైనచోట తోలువాని పని తెలిసినది. 2009లో ఫ్రాన్సులోని లె మాన్ ఇరువదినాలుగు గంటల పందెమునకు ఎంపికయ్యెను గాని, పందెము మొదలగుటకు కొంచెము ముందు గోడ దుముకబోయి పడి భుజము కీలు తప్పించుకొనెను. గంటకు 300 కిలోమీటర్ల వేగమునకు చెక్కుచెదరనివాడు మొలలోతు గోడవద్ద ఓడిపోయెను! అతని జతగాండ్రిద్దరే పందెమంతయు నడిపిరి. 2010లో అమెరికాలో ట్రక్కు పందెములలో పాల్గొని, ఆ యేటి జనాదరణ గల సారథిగా అభిమానులచే ఎన్నుకోబడెను. అదే యేడు భారత ప్రభుత్వము అతనికి పద్మశ్రీ బిరుదము నొసగెను.

ఆరేండ్ల విరామము పిమ్మట, 2011లో అతడు మరల ఫార్ములా వన్‌నకు వచ్చెను. ఈ పర్యాయము హెచ్.ఆర్.టి. అను స్పెయిను దేశపు జట్టు. పందెపు వరుసలో అన్నిటికంటె బీదజట్టు. మొదటి పందెమునకు మెల్బోర్న్ చేరునప్పటికి వారి క్రొత్త కారు ఒక్క కిలోమీటరైనను నడచియుండలేదు. పనివారు కొట్టములో కూర్చుండి దానిని బిగించుచుండిరి. ఆ యేడు 107 శాతపు నియమము మరల అమలులోనికి వచ్చినది. అనగా అందరికంటె వేగవంతుడు 100 సెకండ్లలో ఒక చుట్టు తిరిగినచో, 107 సెకండ్లు మించినవానికి పందెమున నిలువ నర్హత లేదు. నరైన్ ఆ గీటు దాటలేకపోయెను. ఇంటినుండి అంత దూరము పోయి, పందెమాడకయే తిరిగిరావలసివచ్చెను.

జూన్ చివర స్పెయినులోని వలెన్సియా నగరమున మరియొక వింత జరిగెను. సాధారణముగా ప్రతి పందెమునను ఒకటి రెండు కార్లైనను చెడిపోవును. ఆనాడు బయలుదేరిన 24 కార్లును గమ్యము చేరినవి. అందు నరైన్ ఇరువదినాలుగవవాడు. ఫార్ములా వన్ చరిత్రలో ఒక పందెమును అంతకు ముందెవ్వడును ఇరువదినాలుగవవాడై ముగించియుండలేదు! హాస్యమాడుటకు ఇంతకంటె మంచి సంఖ్య దొరకదు. కాని ఇండియానాపొలిస్ పట్టికను దీని ప్రక్కన పెట్టి చూడుడు. ఆరు కార్లలో నాలుగవవాడైన నాటి నేర్పునకును, ఇరువదినాలుగు కార్లలో చివరివాడైన నాటి నేర్పునకును నిజముగా ఎంత భేదముండును? ఆ రెండు దినములలోను అతని చేతిలో నున్నది తన కాలమునకు చివరి వరుస బండియే.

వలెన్సియా పందెము తరువాత అతనిని తప్పించి, ఆ స్థానమును డానియెల్ రికార్డో యను ఆస్ట్రేలియా యువకునకు ఇచ్చిరి. పొమ్మన్నప్పటికి మన దేశమున జరుగబోవు తొలి పందెము నాలుగు నెలల దూరమున నున్నది. ఢిల్లీ సమీపమున గ్రేటర్ నోయిడాలో బుద్ధ అంతర్జాతీయ పందెపు బాట సిద్ధమగుచుండెను. ఇరువది ఏండ్లు ఏ దినమునకై అతడు ఎదురుచూచెనో ఆ దినమున అతడు చూపరుల నడుమ కూర్చుండవలెనా? జట్టువారు ఆ ఒక్క పందెమునకు అతనిని మరల పిలిచిరి.

2011 అక్టోబరు 30వ తేదీ. వారము ముందు మలేషియాలో మోటారు సైకిలు పందెగాడు మార్కో సిమోంచెల్లియు, అంతకు కొలదిదినములు ముందు అమెరికాలో కారు పందెగాడు డాన్ వెల్డన్‌ను పందెములలో మరణించియుండిరి. సారథులందరు బాటపై నిలిచి ఒక నిమిషము మౌనము పాటించిరి. ఆ పిమ్మట వారందరు అదే పనికి బయలుదేరిరి. బాట పొడవు 5 కిలోమీటర్లకు పైగా, 60 చుట్లు. సెబాస్టియన్ వెటెల్ గెలిచెను. నరైన్ పదునేడవవాడు. పట్టికలో అతని క్రింద, పదునెనిమిదవ స్థానమున, ఎవరి పేరున్నదో తెలియునా? అదే జట్టున, అదే విధమైన కారులో పరుగెత్తిన డానియెల్ రికార్డో. ఆ రికార్డో పిమ్మట మంచి జట్లలో చేరి ఎనిమిది గ్రాండ్ ప్రీ పందెములు గెలిచెను. ఎద్దులు సమానమైన ఆ ఒక్కనాడు, నాలుగు నెలలు పందెమునకు దూరముగా నుండి వచ్చిన 34 ఏండ్ల నరైన్ అతనికంటె ముందు గమ్యము దాటెను. ఆనాటి పత్రికలలో పదునేడవ స్థానమునకు పెద్ద అక్షరములు లభింపవు. తెలిసినవారు మాత్రము ఆ రెండు వరుసలను పదే పదే చదువుకొనిరి.

2012లో సంవత్సరమంతయు అదే జట్టున ఉండెను. మలేషియాలోని సెపాంగ్ పందెమున కుండపోతగా వాన కురిసెను. నరైన్ జట్టువారు మొదటనే పెద్దవానకు తగిన టైర్లు వేసియుండుటచే, వాన ఎక్కువై పందెము కొంతసేపు ఆపబడునప్పటికి అతడు పదవ స్థానమున నుండెను. చివరి వరుసనుండి వచ్చి పదవవాడు! పందెము మరల మొదలైన పిమ్మట వేగవంతులు ఒక్కొక్కరు దాటిపోయిరి. జెన్సన్ బటన్ కారు అతని కారును తాకెను. తరువాత వెటెల్ దాటిపోవుచుండగా ఇద్దరి చక్రములు తగిలి వెటెల్ టైరు చిరిగెను. లోకవిజేతయైన వెటెల్ కోపముతో పరుషముగా మాటలాడెను. నిర్ణేతలు నరైన్‌కు 20 సెకండ్ల శిక్ష విధించిరి. పెద్దబండికి దారి ఇచ్చు చిన్నబండివాడు దారి ఇచ్చినను తప్పే, ఇయ్యకున్నను తప్పే యగు సందర్భములు కొన్ని యుండును. ఇది అట్టిదని కొందరు, కాదని కొందరు నేటికిని వాదింతురు. ఆ సంవత్సరాంతమున హెచ్.ఆర్.టి. జట్టు మూతపడెను. మొత్తము మీద నరైన్ బయలుదేరిన ఫార్ములా వన్ పందెములు 46. పాయింట్లు ఇండియానాపొలిస్‌లో వచ్చిన ఐదే. బుద్ధ బాటపై ఆ పందెములు 2013తో ఆగిపోయెను.

ముప్పదియైదేండ్లు దాటిన పందెగాడు సాధారణముగా ఇల్లు చేరును. నరైన్ జపాను చేరెను. 2014 నుండి 2018 వరకు అచ్చటి సూపర్ ఫార్ములా పందెములలో, తనలో సగము వయసు గల కుఱ్ఱవాండ్రతో పోటీపడెను. 2019లో పైకప్పు గల పెద్ద కార్ల సూపర్ జి.టి. పందెములకు మారెను. ఆ నవంబరున ఫుజి పర్వత సమీపమందలి బాటపై జపాను జట్లును జర్మనీ జట్లును కలిసి ఒక ప్రత్యేకమైన పోటీ జరుపుకొనెను. రెండవ దినపు పందెమున గెలిచినవాడు నరైన్ కార్తికేయన్. అప్పటికి అతనికి 42 ఏండ్లు. శ్రీపెరుంబుదూరులో తొలి పందెము పరుగెత్తి 26 ఏండ్లు.

2020లో అతడు కోయంబత్తూరున డ్రైవ్‌ఎక్స్ అను సంస్థను స్థాపించెను. పందెపు కార్లతో దానికి సంబంధము లేదు. ఇతరులు వాడి అమ్మివేసిన మోటారు సైకిళ్లను, స్కూటర్లను కొని, వాని చెడిన భాగములను మార్చి, బాగుచేసి, క్రొత్త బండి కొనలేని వారికి అమ్ముట ఆ సంస్థ పని. హోటలులో వడ్డన చేసి కూడబెట్టిన సొమ్ముతో నాయుడుగారు రడ్జ్ మోటారు సైకిలును కొని, నట్టు నట్టు విప్పి చూచినది కూడ ఆ ప్రాంతముననే.